సుజోన్ వెనక అద్దం: మానే గీసిన ‘ఫోలీ బెర్జేర్‌లో బార్’

లండన్‌లో చదువుకుంటున్న మీరు కోర్టాల్డ్ గ్యాలరీకి వెళ్లి, ఫ్రెంచి చిత్రకారుడు ఎదువార్ మానే గీసిన ‘ఫోలీ బెర్జేర్‌లో బార్’ ముందు పది నిమిషాలు నిలబడి, చిరాకుతో బయటికి వచ్చానని రాశారు. బార్ కౌంటర్ వెనకున్న అమ్మాయి మనకి ఎదురుగా ఉంటే ఆమె వీపు అద్దంలో అంత పక్కకి ఎలా పోయింది? అద్దంలో ఆమెతో మాట్లాడుతున్న టోపీ మనిషి ఇవతల ఎందుకు లేడు? ఇంత పెద్ద పొరపాటున్న బొమ్మని ప్రపంచం ఎందుకు నెత్తిన పెట్టుకుంది? ఇదీ మీ ప్రశ్న.

నేను ముప్పై ఏళ్లకి పైగా హైదరాబాద్‌లో పిల్లలకి డ్రాయింగు, పర్‌స్పెక్టివ్ (బొమ్మలో దూరం, లోతు చూపించే పద్ధతి) చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడిగేవారు. అందుకే కొంచెం తీరిగ్గా రాస్తున్నాను. మీ చిరాకు సరైన చోటే మొదలైందమ్మా. అక్కడ ఏదో తేడాగా ఉందని అనిపించకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. వాళ్లు ఆ బొమ్మని చూడలేదనే నేను అనుకుంటాను.

ముందు బొమ్మలో నిజంగా ఏముందో చూద్దాం. కాన్వాస్ 96 సెంటీమీటర్ల ఎత్తు, 130 సెంటీమీటర్ల వెడల్పు. కింద పాలరాతి కౌంటర్. దాని మీద షాంపేన్ సీసాలు, బీరు సీసాలు, ఆకుపచ్చ పుదీనా మద్యం సీసా, గాజు గిన్నెలో కమలాలు, ఒక గ్లాసులో రెండు గులాబీలు. కౌంటర్ వెనక నల్లకోటు వేసుకున్న అమ్మాయి, రెండు చేతులూ కౌంటర్ అంచుకి ఆనించి నిలబడి ఉంది. మెడలో నల్ల రిబ్బనుకి లాకెట్, ఎదమీద పూలగుత్తి. ఆమె వెనక నడుము ఎత్తులో ఒక బంగారు రంగు పట్టీ అడ్డంగా పోతుంది. అది అద్దం చట్రం. ఆ పట్టీ కనిపెట్టాక బొమ్మంతా మారిపోతుంది. ఎందుకంటే దాని పైన ఉన్నదంతా, ఆ బాల్కనీ, ఆ జనం, దీపాల గుత్తులు, పొగలాంటి వెలుతురు, అన్నీ అద్దంలోవే. అంటే అవన్నీ నిజానికి మన వీపు వెనక ఉన్నాయి. ఇవతల ఉన్నవి ఆ అమ్మాయి, కౌంటర్, దాని మీది సరుకు మాత్రమే.

రంగు వేసిన తీరు చూసినా ఈ తేడా తెలుస్తుంది. కమలాల మీద మెరుపు, సీసాల మెడకి చుట్టిన బంగారు కాగితం, గ్లాసులో నీళ్లలో మునిగిన గులాబీ కాడలు, ఇవి చేత్తో తీసుకోవచ్చు అన్నంత దగ్గరగా ఉంటాయి. బాల్కనీలో జనం మాత్రం కుంచె చుక్కలు. తెల్ల బట్టల్లో, పసుపు చేతిగ్లవ్స్‌తో కనిపించే ఆవిడ మెరీ లొరాన్, మానే స్నేహితురాలు. ఆమె పక్కన ఒకావిడ బైనాక్యులర్లు పెట్టుకుని ఎటో చూస్తోంది. అంతమందిలో ప్రదర్శన మీద మనసున్నవాళ్లు ఎవరూ కనిపించరు. ప్రదర్శన ఏమిటంటారా? ఎడమవైపు పై మూలలో ట్రపీజ్ మీద రెండు చిన్న కాళ్లు వేలాడుతుంటాయి, ఆకుపచ్చ బూట్లతో. మొదటిసారి చూసేవాళ్లలో చాలామంది వాటిని గమనించరు. గాలిలో ప్రాణాలకి తెగించి ఊగుతున్న మనిషిలో మనకి పాదాలు మాత్రమే దక్కాయి.

ఈ చోటు ఏమిటో తెలియకపోతే బొమ్మ సగమే అర్థమవుతుంది. ఫోలీ బెర్జేర్ పారిస్‌లో రిషె వీధిలో 1869లో వేరే పేరుతో తెరుచుకుంది. 1872లో ఇప్పటి పేరు వచ్చింది. దాన్ని మన నాటకశాలలా ఊహించుకోకండి. పాటలు, బాలే, సర్కస్ ఫీట్లు, మూకాభినయం అన్నీ ఒకే రాత్రి ఉండేవి. జనం సీట్లలో కదలకుండా కూర్చునేవాళ్లు కాదు. తాగుతూ, సిగరెట్లు కాలుస్తూ, అటూ ఇటూ నడుస్తూ, ఒకరినొకరు చూసుకుంటూ ఉండేవాళ్లు. డబ్బున్నవాళ్లు, గుమాస్తాలు, విదేశీ యాత్రికులు, వేశ్యలు అందరూ ఒకే చోట తిరిగేవాళ్లు. ఎవరు ఏ తరగతివాళ్లో బట్టల్ని బట్టి చెప్పడం కష్టమయ్యే చోటు అది. 1850ల నుంచి రెండు దశాబ్దాల పాటు పారిస్ పాత సందుల్ని పడగొట్టి వెడల్పు రోడ్లు వేశారు, దీపాలు పెట్టారు. ఆ కొత్త నగరంలో రాత్రి ఒక వ్యాపారం అయింది. మానే అక్కడే పుట్టి పెరిగిన మనిషి, ఆ మార్పంతా కళ్లారా చూశాడు.

స్తంభాల మీద తెల్లటి గుండ్రటి దీపాలు చూశారు కదా, వాటిని కరెంటు దీపాలుగా చెప్పేవాళ్లు ఎక్కువ. 1881లో పారిస్‌లో అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శన జరిగింది, షాంజెలీజె దగ్గరి పలే ద లెండ్యుస్త్రీ అనే భవనంలో. మానే ఈ బొమ్మని జనానికి చూపించిన 1882 సలోన్, అంటే ఏటా జరిగే పెద్ద చిత్రకళా ప్రదర్శన, జరిగింది కూడా ఆ భవనంలోనే. కొన్ని నెలల కింద బల్బులు చూసి నోరెళ్లబెట్టిన చోటే జనం వచ్చి ఈ బొమ్మ చూశారు. ఈ సంగతి తెలిశాక ఆ తెల్ల గుండ్రాల్ని నేను మునుపటిలా చూడలేకపోయాను. నీడలు చెరిపేసే ఆ చదునైన తెల్ల వెలుగే అమ్మాయి ముఖం మీదా ఉంది.

సీసాల దగ్గరా ఒక క్షణం ఆగాలి. ఎర్రటి త్రికోణం గుర్తున్న బీరు సీసా రెండు వైపులా కనిపిస్తుంది. అది బాస్ కంపెనీ పేల్ ఏల్, ఇంగ్లండ్ సరుకు. ఆ ఎర్ర త్రికోణం 1876లో బ్రిటన్‌లో నమోదైన మొట్టమొదటి ట్రేడ్‌మార్క్. పేరు చదవక్కర్లేదు, గుర్తు చూస్తే చాలు, ఏ దేశంలో ఉన్నా కొనేయొచ్చు. ఇప్పుడు ఎడమ చివరనున్న సీసా లేబుల్ మీద చూడండి, అక్కడ మానే తన సంతకం, 1882 అన్న సంవత్సరం రాశాడు. కౌంటర్ మీద అమ్మకానికి పెట్టిన సరుకు మీద తన పేరు వేసుకున్నాడు. చిత్రకారుడు కూడా ఆ బజారులోనే ఉన్నాడని అతను అంత సూటిగా ఒప్పుకున్న చోటు ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

అమ్మాయి పేరు సుజోన్. నిజంగానే ఫోలీ బెర్జేర్‌లో కౌంటర్ దగ్గర పనిచేసేది. మానే అక్కడికి వెళ్లి స్కెచ్‌లు వేసుకున్నాడు కానీ, ఈ పెద్ద బొమ్మ గీసింది ఆమ్‌స్టర్‌డామ్ వీధిలోని తన స్టూడియోలో. అప్పటికే సిఫిలిస్ ముదిరి నరాలు దెబ్బతిన్నాయి. ఎడమ కాలు సరిగా పనిచేసేది కాదు, ఎక్కువసేపు నిలబడలేడు. సుజోన్‌ని స్టూడియోకి పిలిపించి, సీసాలు, తినుబండారాలు పేర్చిన బల్ల వెనక నిలబెట్టి గీశాడు. 1882 జనవరిలో స్టూడియోకి వెళ్లిన జార్జ్ జాన్యో అనే చిత్రకారుడు ఈ దృశ్యం చూసి రాసిపెట్టాడు. అంటే మనం చూస్తున్న ఆ సందడంతా పగలు, ప్రశాంతంగా ఉన్న గదిలో, తలలోంచి తీసి కట్టింది. అద్దమూ ఆ గదిలో లేదు, కట్టుకథే. అందుకే ‘చూసింది తప్పుగా గీశాడు’ అన్న వాదన నిలబడదు. ప్రతి ముక్కనీ అతను ఎంచుకుని పెట్టాడు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. సలోన్‌లో ఈ బొమ్మ పెట్టిన కొద్ది వారాలకే ‘జుర్నాల్ అమ్యూజాన్’ అనే పత్రికలో స్టాప్ అనే కార్టూనిస్టు మీలాగే పట్టుకున్నాడు. కౌంటర్‌కి ఇవతల, మన వైపు, ఆ టోపీ మనిషిని గీసి, చిత్రకారుడు పరధ్యానంలో మరిచిపోయినదాన్ని మేం సరిచేశాం అన్న అర్థంలో కింద రాశాడు. కాబట్టి మీ అనుమానానికి నూట నలభై ఏళ్లు దాటాయి.

బొమ్మకి ఎక్స్‌రేలు తీశాక తెలిసింది ఏమిటంటే, సుజోన్ చేతులు మొదట ఇలా కౌంటర్ మీద లేవు. నడుము ముందు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఉండేది. అద్దంలోని వీపు కూడా మొదట ఆమెకి దగ్గరగా ఉండేది. మానే దాన్ని చెరిపి కుడికి జరిపాడు, మళ్లీ ఇంకా కుడికి జరిపాడు. తెలియక చేసిన పొరపాటు అయితే సరిచేస్తూ దగ్గరికి తెచ్చేవాడు. ఇతను దిద్దిన ప్రతిసారీ దూరం పెంచాడు. నాకు ఈ ఒక్క సాక్ష్యం చాలు. అది తప్పు కాదు, కష్టపడి సంపాదించిన నిర్ణయం.

దానికి జ్యామితి ఒప్పుకుంటుందా అంటే, ఒప్పుకుంటుంది. ఆస్ట్రేలియా పరిశోధకుడు మాల్కమ్ పార్క్ సుమారు పాతికేళ్ల కిందట నిజమైన కౌంటర్, అద్దం, మనుషుల్ని పెట్టి ఫొటో తీసి చూపించాడు. కిటుకు ఇది: మనం అమ్మాయికి సూటిగా ఎదురుగా నిలబడలేదు, బాగా కుడివైపు నిలబడ్డాం. నా క్లాసులో కూడా దీన్ని ప్రతి సంవత్సరం చేయించేవాణ్ణి. బీరువా అద్దం ముందు ఒక బల్ల, బల్ల వెనక ఒక విద్యార్థి. ఫోన్ కెమెరా పట్టుకున్నవాళ్లు కుడికి జరగాలి. ఇక్కడే జాగ్రత్త, కెమెరాని విద్యార్థి వైపు తిప్పకూడదు, అద్దానికి సూటిగానే ఉంచాలి. అప్పుడు విద్యార్థి ఫొటోలో ఎడమకి పోతుంది, ఆమె ప్రతిబింబం ఆమెకి కుడివైపున కనిపిస్తుంది, అద్దం అంచు మాత్రం వంకర పోదు. ఆ ఫొటోలో కుడివైపు కొంత కత్తిరించేసి విద్యార్థిని మధ్యకి తెస్తే మానే బొమ్మ వస్తుంది. పిల్లలు ఫోన్ చూసుకుని అరిచేవాళ్లు. మీ హాస్టల్ గదిలోనే ఇద్దరు స్నేహితులతో చేసి చూడండి, పది నిమిషాల పని.

టోపీ మనిషి సంగతి కూడా ఇందులోనే తేలుతుంది. పార్క్ లెక్క ప్రకారం అతను నిజంగా ఎడమవైపు, బొమ్మ చట్రానికి బయట ఉన్నాడు. అమ్మాయికి ఎదురుగా లేడు, ఆమె వైపు చూడటమూ లేదు. అద్దంలో మాత్రం ఇద్దరూ ముఖంలో ముఖం పెట్టి మాట్లాడుకుంటున్నట్టు వాళ్ల ప్రతిబింబాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అంటే ఆ సంభాషణ మన కన్ను అల్లింది. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అప్పటివరకు ఆమెతో అతను ఏదో బేరమాడుతున్నాడని పాఠం చెప్పేవాణ్ణి.

అయితే ఒక మాట. కౌంటర్ మీది సీసాల సంఖ్య, చోటు అద్దంలో ఇప్పటికీ సరిపోలవు. అద్దంలోని అమ్మాయి కొంచెం ముందుకి వంగినట్టు, మాటలో పడినట్టు ఉంటుంది. ఇవతలి అమ్మాయి నిటారుగా, మౌనంగా ఉంటుంది. జ్యామితి చాలా దూరం తీసుకెళ్తుంది కానీ చివరిదాకా కాదు. పైగా లెక్క సరిపోయినా, ఆమె మధ్యలో సూటిగా నిలబడిన తీరు వల్ల మనం ఎదురుగానే ఉన్నామని శరీరం నమ్ముతుంది. ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 1971లో ట్యునిస్‌లో మానే గురించి ప్రసంగిస్తూ, ఈ బొమ్మ చూసేవాడికి నిలబడేందుకు స్థిరమైన చోటు ఇవ్వదన్నాడు. మీ పది నిమిషాల చిరాకు అదే. కాళ్ల కింద చోటు దొరకలేదు.

నేను అర్థం చేసుకున్నది ఇది. అద్దంలో ఉన్నది కస్టమర్ చూసే సుజోన్. వంగి, వింటూ, అడిగినది అందించే అమ్మాయి. ఇవతల ఉన్నది ఆ పని చేస్తూ తనలో తాను ఉన్న సుజోన్. ఇద్దరూ ఒకచోట కలిసిపోతే బొమ్మ అబద్ధం అవుతుంది. అందుకే మానే వీపుని జరుపుతూ పోయాడు. అలాంటి కౌంటర్ల దగ్గర పనిచేసే అమ్మాయిల్ని మద్యంతో పాటు అమ్ముడుపోయేవాళ్లుగా చూడటం అప్పటి పారిస్‌లో మామూలే. బొమ్మ ఆ చూపుని దాచిపెట్టలేదు, ఆమెని సీసాల వరసలోనే నిలబెట్టింది. కానీ ముఖం దగ్గరికి వచ్చేసరికి మన ఊహకి తలుపు మూసేసింది. ఆ కళ్లు మన వైపు ఉన్నాయి, మనల్ని చూడటం లేదు. విచారం అంటారు కొందరు, అలసట అంటారు కొందరు, విసుగు అని ఇంకొందరు. ఎనిమిది గంటలు కౌంటర్ దగ్గర నిలబడి పనిచేసిన ఎవరినైనా అడగండి, ఆ ముఖాన్ని వాళ్లు వెంటనే గుర్తుపడతారు.

మానే పాత బొమ్మల పక్కన పెడితే ఈ చూపు విలువ తెలుస్తుంది. 1865 సలోన్‌లో పెద్ద గొడవ చేసిన ‘ఒలింపియా’లో పడుకున్న స్త్రీ చూసేవాడిని నిలదీసినట్టు చూస్తుంది. జనం తట్టుకోలేకపోయారు. ఆ ఏడాదే మానే మాడ్రిడ్ వెళ్లి స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ బొమ్మలు చూశాడు. అద్దంలో రాజు, రాణి కనిపించే 1656 నాటి ‘లాస్ మెనీనాస్’ అక్కడే ఉంది. అద్దం, దాని ముందు మనుషులు, మన చోటు ఏది అన్న ప్రశ్న అక్కడ మొదలైంది. రాజుగారి అద్దాన్ని మానే తెచ్చి బార్ వెనక పెట్టాడు.

ప్రభావం గురించి కూడా అడిగారు. ఇలాంటి రాత్రుల్ని అంతకు ముందే దెగా అనే పారిస్ చిత్రకారుడు గీశాడు, కాబట్టి మానే ఒక్కడే మొదలుపెట్టాడని చెప్పను. కానీ ఆ తర్వాతి దశాబ్దంలో తులూజ్ లోత్రెక్ అనే చిత్రకారుడు గీసిన మూలాన్ రూజ్ నాట్యశాల బొమ్మల్లో ఆకుపచ్చ వెలుగు పడిన ముఖాలు, సందడిలో ఒంటరిగా కూర్చున్న మనుషులు కనిపించినప్పుడు సుజోన్ గుర్తుకొస్తుంది. 1942లో అమెరికాలో ఎడ్వర్డ్ హాపర్ అనే చిత్రకారుడు అర్ధరాత్రి హోటల్ కౌంటర్‌ని గీశాడు. దానికి ఇది నేరుగా మూలం అనను, ఒకే కుటుంబం అంటాను. నేరుగా తీసుకున్నది కెనడా ఫొటోగ్రాఫర్ జెఫ్ వాల్. అతను 1970లలో కోర్టాల్డ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్నాడు. 1979లో ‘పిక్చర్ ఫర్ విమెన్’ అనే పెద్ద ఫొటో చేశాడు. ఒక పక్క చేతులు కలిపి నిలబడిన స్త్రీ, మరో పక్క తాను, మధ్యలో కెమెరా, అంతా అద్దంలో. మానే దాచిన చూసేవాడి చోటుని అతను కెమెరాతో బయటపెట్టాడు. వెతికి చూడండి, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే గంటసేపు కదలలేరు.

చదువుల ప్రపంచంలో దీని ప్రభావం ఇంకా ఎక్కువ. 1985లో టీ.జే. క్లార్క్ అనే చరిత్రకారుడు మానే, ఆయన కాలం మీద రాసిన పుస్తకం ఈ బొమ్మ దగ్గరే పెద్ద చర్చ చేసింది. డబ్బు, తరగతి, ఆనందం కొనుక్కునే కొత్త అలవాటు, అన్నీ ఆ ముఖంలో చదివాడు. 1996లో పన్నెండుమంది పరిశోధకులు ఈ ఒక్క బొమ్మ మీదే పన్నెండు వ్యాసాలు రాస్తే ఒక పుస్తకం వచ్చింది. వాళ్లు ఒకరితో ఒకరు ఏకీభవించలేదు. అందులో కొన్ని మీ కాలేజీ లైబ్రరీలో దొరుకుతాయి. మొదట క్లార్క్‌ని చదవమంటాను, కష్టంగా ఉన్నా.

బొమ్మ ప్రయాణం కూడా చెప్పాలి. మానే పోయాక దీన్ని ఆయన స్నేహితుడు, సంగీతకారుడు ఎమ్మాన్యుయెల్ షాబ్రియె తీసుకుని పియానో పైన గోడకి వేలాడదీసుకున్నాడు. కృత్రిమ పట్టు దారం వ్యాపారంలో గడించిన శామ్యూల్ కోర్టాల్డ్ 1926లో కొన్నాడు. ఆ ఏడాదే ఫోలీ బెర్జేర్ వేదిక మీద అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి నర్తకి జోసెఫిన్ బేకర్ అరటిపళ్ల పావడాతో నాట్యం చేసి పారిస్‌ని ఊపేసింది. సుజోన్ లండన్ చేరిన ఏడాదే పాత ఇంట్లో ఇంకో స్త్రీని అందరూ కళ్లప్పగించి చూశారన్నమాట. ఆ థియేటర్ ఇప్పటికీ రిషె వీధిలో నడుస్తోంది, పారిస్ వెళ్తే చూడండి.

మళ్లీ కోర్టాల్డ్‌కి వెళ్లండి. ఈసారి ముందు దూరంగా నిలబడి కాకుండా కుడివైపు నుంచి నెమ్మదిగా దగ్గరికి నడవండి. ట్రపీజ్ మీది ఆకుపచ్చ బూట్లు, ఎడమ చివర సీసా మీది సంతకం చూశాక, ఆమె కుడిచేతికీ ఎడమచేతికీ మధ్య కాస్త పక్కగా, కౌంటర్ మీదున్న చిన్న గ్లాసు దగ్గర ఆగండి. రెండు గులాబీలు, కొన్ని నీళ్లు, గాజు మీద రెండు మూడు తెల్ల గీతలు. ఈ బొమ్మ తర్వాత మానే పెద్ద కాన్వాసుల జోలికి వెళ్లే శక్తి కోల్పోయాడు. స్నేహితులు చూడటానికి వస్తూ తెచ్చిన పూలని, ఇలాగే గాజు పాత్రల్లో పెట్టి, చిన్న చిన్న కాన్వాసుల మీద గీస్తూ ఉండిపోయాడు. 1883 ఏప్రిల్‌లో ఎడమ కాలు తీసేశారు. ఆ నెల 30న చనిపోయాడు, వయసు 51. ఆ చివరి పూల బొమ్మలన్నీ నాకు ఈ గ్లాసులోంచే వచ్చినట్టు అనిపిస్తాయి. దాన్ని చూసొచ్చి ఏమనిపించిందో రాయండి.